ఎమీలు – ప్రహ్లాదుడు : శిశుకేంద్రవిద్యయు వయోదశలును

1

విద్యావిషయమున ‘శిశుకేంద్రము’ అను మాట నేడు మిక్కిలి వ్యాప్తిలో నున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బోధన శిశుకేంద్రముగా నుండవలెనని చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండి పదునెనిమిదవ యేటివఱకు గల కాలమును 5, 3, 3, 4 ఏండ్ల దశలుగా విభజించి, ఒక్కొక్క దశకు దగిన బోధనను వేఱువేఱుగా సూచించినది. అయినను ఒక మాట చట్టమున కెక్కినంత మాత్రమున దాని యర్థము తేటపడినదని తలపరాదు. కేంద్రమున నున్నది శిశువా, ఆ శిశువు రేపు కాబోవు పెద్దవాడా యను ప్రశ్న యింకను తెగలేదు. ఆరవ తరగతిలో చేరిన పిల్లవానిని ఆ దినమునుండియే ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు సిద్ధపఱుపబూను పాఠశాలలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను గలవు. అట్టివారిని ప్రశ్నించినచో వారును పిల్లవాని మేలే తమకు ముఖ్యమందురు. కావున ఈ భావమును దాని మూలమునకు బోయి పరీక్షించుట యావశ్యకము.

ఇందులకు మేము రెండు గ్రంథములను గ్రహించితిమి. మొదటిది, జెనీవాలో బుట్టి ఫ్రెంచిభాషలో రచనలు చేసిన రూసో 1762లో ప్రకటించిన ‘ఎమీలు’. రెండవది, పోతనామాత్యుని యాంధ్రమహాభాగవతమున సప్తమస్కంధమందలి ప్రహ్లాదచరిత్రము. ఇందొకదాని ప్రభావ మింకొకదానిపై గలదని చెప్పుట మా యుద్దేశము గాదు. పోతన పదునైదవ శతాబ్దివాడు. అతని మూలము వ్యాసభాగవతము. రూసో కా కథ తెలియునని తలచుటకు కారణము లేదు. కాని యొకే సమస్య రెండు చోట్ల రెండు తీరుల నెదుర్కొనబడినపుడు, ఆ రెంటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో ఒక్కొక్కదాని యందలి లోపమును, బలమును స్పష్టమగును. తులనాత్మకవిమర్శకు ఇంతకంటె వేఱు ప్రయోజనము వెదకనక్కఱలేదు.

ప్రహ్లాదచరిత్రము భక్తిప్రతిపాదకమే కాని విద్యాశాస్త్రము గాదని యొక యాక్షేపము రావచ్చును. దాని పరమార్థము భక్తియే. అందు సందేహము లేదు. కాని యా పరమార్థమునకు కవి యెన్నుకొన్న రంగస్థలమేది? అది పాఠశాల. అందు గురువులున్నారు, సహపాఠులున్నారు, విరామకాలమున్నది, పరీక్షయున్నది, దండనయున్నది, తన యాశలకు దగినట్లు కొడుకు తయారుకావలెనని కోరు తండ్రి యున్నాడు. మన సాహిత్యమున ఒక బాలుని చదువును ఇంత సమగ్రముగా కథావస్తువు గావించిన ప్రాచీనరచన లరుదు. కావున విద్యాదృష్టితో దానిని జదువుట కావ్యమునకు వెలితి గాదు.

2

మొదట ‘ఎమీలు’ స్వరూపమును జూతము. ఇది కేవలశాస్త్రమును గాదు, కేవలము నవలయును గాదు. రూసో యొక కల్పితబాలకుని సృష్టించి, అతనికి ఎమీలని పేరిడి, తానే యాతనికి గురువై పుట్టుక మొదలు వివాహమువఱకు వెంటనుండి నడపును. బాలుడు తల్లిదండ్రుల పాలన లేనివాడు, ధనికుడు, ఆరోగ్యవంతుడు. ప్రయోగమునకు అడ్డు వచ్చువాని నన్నిటిని రచయిత ముందుగనే తొలగించుకొనినాడు. గ్రంథమైదు భాగములు. ఆ విభాగము విషయములనుబట్టి గాక వయస్సునుబట్టి చేయబడినది. అంతకుముందు విద్యను గూర్చి వ్రాసినవారు సాధారణముగా ఏమి నేర్పవలెనని ప్రారంభించిరి. రూసో యెప్పుడు నేర్పవలెనని ప్రారంభించెను. అతని విప్లవమంతయు ఈ యొక్క మార్పులో నున్నది.

ప్రథమభాగము శైశవము. పసిబిడ్డను గుడ్డలలో బిగించి కట్టరాదు; తల్లి తన బిడ్డకు తానే పాలీయవలెను; కదలుటకు, ఏడ్చుటకు, తాకుటకు బిడ్డకు స్వేచ్ఛ యుండవలెను. ద్వితీయభాగము సుమారు రెండవ యేటినుండి పండ్రెండవ యేటివఱకు. ఇది జ్ఞానేంద్రియములకు, శరీరమునకు శిక్షణ నిచ్చు కాలము. పుస్తకము లేదు, నీతిబోధ లేదు, ఉపన్యాసము లేదు. ఎమీలు తోటలో చిక్కుడుగింజలు నాటును. అవి మొలచి పెరుగగా మిక్కిలి సంతసించును. ఒకనాడు పోయి చూడగా మొక్కలు పెఱికివేయబడి యుండును. తోటమాలి రాబర్టు వచ్చి, ఆ నేలలో తాను ముందుగనే యపురూపమైన ఖర్బూజావిత్తులు నాటితిననియు, అవి పాడైనవనియు మొఱపెట్టును. దొంగతనము తప్పని వేయిసారులు చెప్పుటకంటె, పోగొట్టుకొనిన వాని దుఃఖమును, పోగొట్టినవాని సిగ్గును ఒక్కసారి యనుభవించుట మేలని రూసో భావము. స్వామ్యమననేమో, ఒడంబడిక యననేమో ఆ బాలునకు అక్కడనే తెలియును.

తృతీయభాగము పండ్రెండునుండి పదునైదేండ్లవఱకు. ఇప్పుడు ‘దీనివలన నేమి ప్రయోజనము’ అను ప్రశ్న బాలుని నోట బుట్టును. సూర్యుని గతిని జెప్పబోగా ఎమీలు దాని యుపయోగమేమని యడుగును. గురువు వెంటనే యుత్తర మీయడు. మఱునాడు మొమ్మొరాన్సీ యడవిలో ఇరువురును దారి తప్పి, ఆకలితో నలసి, ఎండపొడను, నీడల దిక్కును జూచి ఇల్లు చేరుదురు. ఖగోళశాస్త్రము దేనికైన నుపకరించునని బాలుడు తానే గ్రహించును. ఈ దశలో అతనికి చదువనిచ్చిన పుస్తక మొక్కటే, రాబిన్‌సన్ క్రూసో కథ. ధనికుని బిడ్డ యైనను వడ్రంగము నేర్చును. చతుర్థభాగము యౌవనము, దయ, స్నేహము, చరిత్ర, మతము ఇందు వచ్చును. పంచమభాగమున సోఫీ యను కన్య, దేశాటనము, వివాహము.

ఈ గ్రంథమును 1762 జూనులో పారిస్ పార్లమెంటు తగులబెట్ట నాజ్ఞాపించెను. జెనీవాయు నట్లే చేసెను. ఆగ్రహమునకు ముఖ్యకారణము చతుర్థభాగమందలి సవాయి దేశపు పూజారి మతప్రకటనము, బోధనపద్ధతి గాదు. ఆ పద్ధతి మాత్రము నిలిచినది. పెస్టలాజి, ఫ్రోబెల్, మాంటిసోరి యను పరంపర దాని ఛాయలోనే పెరిగినది. మాంటిసోరి 1939లో మద్రాసు నడయారుకు వచ్చి యుపాధ్యాయులకు శిక్షణ గఱపెను. అంతకు ముందే 1920లో గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరము నెలకొల్పెను. తెలుగున చలము ‘బిడ్డల శిక్షణ’యందు పిల్లల స్వేచ్ఛను గూర్చి పెద్దలను నిలదీసెను. ఈ చరిత్ర తెలిసినదే గాన విస్తరింపము.

3

‘ఎమీలు’లో విమర్శకుడు విశేషముగా గమనింపదగిన ఘట్టము లా ఫొంతేన్ కథలకు సంబంధించినది. కాకి ముక్కున జున్నుముక్క యుండును. నక్క దాని కంఠమును పొగడును. కాకి నోరు తెఱచును. నక్క జున్ను నపహరించును. ఫ్రాన్సులో ప్రతి బాలుడును కంఠస్థము చేయు ఈ కథను రూసో ద్వితీయభాగమున పంక్తి పంక్తిగా విడదీసి, చిన్నపిల్లలకిది తగదని తీర్పు చెప్పును. అతని హేతువు గట్టిది. పిల్లవాడీ కథను విని కాకివలె మోసపోరాదని నేర్చుకొనునని మనము తలతుము. కాని పిల్లవాడు కాకిని జూచి నవ్వును, నక్కతో చేయి కలుపును. గెలిచినవాని పక్షము వహించుట బాలస్వభావము. కథ చెప్పినవాని యుద్దేశము వేఱు, విన్నవాని గ్రహణము వేఱు.

చాలమంది పాఠకు లింతటితో ఆగి, రూసో నీతికథలకు శత్రువని నిర్ణయింతురు. అది సరిగాదు. చతుర్థభాగమున నతడే నీతికథలను మరల తెప్పించును. యౌవనారంభమున ఎమీలు తప్పులు చేయును; ముఖస్తుతికి లోబడి మోసపోవును. అట్లు మోసపోయినవానికి కాకి కథ చెప్పినచో, చెప్పకయే యర్థమగును. నేరుగా మందలించిన కలుగు నవమానమును కలుగదు. పండ్రెండేండ్లకు లోపల విషమైనది పదునెనిమిదేండ్లకు మందైనది. కథ మారలేదు, వయస్సు మారినది.

మా యభిప్రాయమున శిశుకేంద్రవిద్యయొక్క సారమిదియే. పిల్లలకు కష్టము లేకుండ చేయుట దాని లక్షణము గాదు. ఎమీలు చన్నీటిలో స్నానము చేయును, చీకటిలో తిరుగును, తాను పగులగొట్టిన కిటికీ గాలికి తానే వణకును. ఏ పాఠము ఏ వయస్సున ఏ ప్రయోజనమును సాధించునో విచారించి, ఆ వయస్సు వచ్చువఱకు వేచియుండు నోర్పే దాని లక్షణము. మన బడులలో ఐదేండ్లవానిచేత శతకపద్యములను వల్లింపజేయు నాచారమును ఈ కొలతతో కొలిచి చూడవచ్చును. రూసో దానిని నిషేధించును. మన పెద్దలు, నేడు పెదవిపై నిలిచినది రేపు కష్టకాలమున మనస్సునకు తోచునని సమాధానము చెప్పుదురు. చిన్ననాడు అర్థము తెలియక నేర్చిన పద్యము నలువదవ యేట హఠాత్తుగా నర్థమగుట తెలుగువారిలో ననేకుల కనుభవము. రూసో సిద్ధాంతమున స్మృతికిట్టి దీర్ఘప్రయోజనము చోటు చేసికొనలేదు. ఇది దాని యందలి యొక వెలితి.

4

ఇక నీ రెండు గ్రంథములు ముఖాముఖి నిలుచు తావునకు వత్తము. బాల్యమును పరీక్షలకు, తండ్రి యాశలకు ఎందుకు బలియీయరాదని రూసో యడుగునపుడు అతడు చూపు హేతువు ఆయువుయొక్క యనిశ్చితత్వము. పుట్టినవారిలో సగముమందికి మించి యౌవనారంభమును జేరరని అతడు గుర్తుచేయును. అది పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సు. రాకపోవచ్చునట్టి రేపటికొఱకు ఉన్న నేటిని చెఱసాల చేయుట క్రౌర్యమని అతని వాదము. ఆడుకొననిండు, పరుగెత్తనిండు, మృత్యువెప్పుడు పిలిచినను బ్రతుకు రుచి చూడకయే పోయినాడన్న మాట రానీయకుడని తండ్రులను హెచ్చరించును.

ప్రహ్లాదుడు చూపు హేతువును ఇదియే. గురువులైన చండామార్కులు గృహకృత్యములకై పోయినపుడు రాక్షసబాలురు అతని నాటలకు పిలుతురు. అతడు వారిని కసరడు. దగ్గఱకు దీసి, చనవుతో, నవ్వుచు మాటలాడును. ఆ మాటలలో నొక లెక్క యున్నది. మనుష్యుని యాయువు నూఱేండ్లు; అందు సగము రాత్రులు నిద్రలో బోవును; ఇరువదేండ్లు బాల్యమున ఆటపాటలలో గడచును; ఇరువదేండ్లు ముదిమిచే అశక్తతలో గడచును; మిగిలిన కొలదిపాటి కాలము కామక్రోధములకు, ఇల్లు వాకిలి యను బంధములకు చెల్లును. కావున మేలైన దానిని బాల్యముననే యారంభింపవలెను.

ఒకే ప్రమాణవాక్యమునుండి రెండు విరుద్ధనిర్ణయములు వెలువడుట యిచ్చట కానవచ్చును. ఆయువు నమ్మరానిది, కావున బాల్యమును ఆటకు విడువుమని యొకడు. ఆయువు నమ్మరానిది, కావున బాల్యమును ఆటలో పోగొట్టకుమని యింకొకడు. రూసో లెక్కలో ఆట లాభము. ప్రహ్లాదుని లెక్కలో ఆట నష్టము. శిశువుగా నుండగనే అతడు ఆటవస్తువులను విడిచి తన్మయుడై యుండెనని కవి వర్ణించెను. ఈ యొక్క విషయమున, అనగా ఆటకు విద్యలో గల స్థానమున, మేము రూసో పక్షమున నున్నాము. అసాధారణుడైన యొక బాలుని స్వభావము సాధారణబాలురకు నియమము గాజాలదు. కవియు నా సంగతి నెఱుగును. ఆ ప్రసంగము జరిగినది గురువులు లేని యాటవిడుపులో, సమవయస్కుల నడుమ, వారి భాషలో. సప్తమస్కంధమున పాఠశాల నేర్పజాలనిది ఆటస్థలము నేర్పినది. అంత చక్కని బోధనసమయము చండామార్కుల కెన్నడును దొరకలేదు.

5

కాని కేంద్రమున నున్నదెవరని యడిగినచో తక్కెడ మఱియొక వైపునకు మొగ్గును. ఎమీలు స్వేచ్ఛగా పెరిగినాడని రూసో చెప్పును. ఆ స్వేచ్ఛ యెట్టిది? అడవిలో దారి తప్పుట గురువు పన్నిన యుపాయము. తోటమాలితో తగవు గురువు ముందుగా సమకూర్చినది. పరుగుపందెములకు పెట్టిన పిండివంటలు గురువు కొలిచి పెట్టినవి. తానే యజమానినని బాలుని తలపనిచ్చి, నిజమున నీవే యజమానిగా నుండుమని రూసో గురువునకు దాచక యుపదేశించెను. ఎమీలు తాకు ప్రతి వస్తువు వెనుక గురువు చేయి కలదు. ఆ చేయి బాలునకు మాత్రము కనబడదు. ఇరువదియేండ్ల కాలమున ఎమీలు తన గురువుతో ముఖ్యవిషయమున నొక్కసారియైన గట్టిగా విభేదించినట్లు మనకు కనబడదు. పద్ధతి శిశుకేంద్రము, అధికారము సర్వము గురుకేంద్రము.

ప్రహ్లాదుని బడి యిందులకు పూర్తిగా భిన్నము. అచ్చటి పద్ధతి శిశుకేంద్రము గాదు. ధర్మార్థకామములను, సామదానాది రాజనీతిని గురువులు నేర్పుదురు. అతడు విని, అడిగినపుడు మరల నప్పగింపగలడు. కాని తనవాడు, పరవాడు అను భేదముపై నిలిచిన యా చదువు మంచిదని అతని మనస్సున కెక్కలేదు. తండ్రి తొడపై కూర్చుండబెట్టుకొని, నేర్చినదానిలో మేలైనదేదో చెప్పుమని యడుగగా, బాలుడు బడిలో చెప్పనిదానిని చెప్పెను. ఆ ప్రశ్న లాలనతో కూడినదే. కాని యుత్తరము ముందుగా నిర్ణయింపబడి యున్నది. కోరిన యుత్తరము రానపుడు లాలన దండనముగ మారినది. ప్రతి సాయంకాలము మార్కులపట్టికను ముందిడుకొని మన యిండ్లలో వినబడు ప్రశ్నకు ఇది పూర్వరూపమనిన అతిశయోక్తి గాదు.

ఈ సందర్భమున గురువుల మాటలు రెండు ప్రత్యేకముగా విచారింపదగినవి. నా కొడుకున కీ బుద్ధి నెవడు నేర్పినాడని రాజు గద్దింపగా, ఇది మేము నేర్పినది గాదు, ఒరులు నేర్పినదియు గాదు, ఇతనికి పుట్టుకతో వచ్చినదని వారు విన్నవింతురు. ప్రాణభీతిచే చెప్పినదైనను ఇది గొప్ప మాట. శిశువు ఖాళీ పలక గాడని, తనదైన మొగ్గుతో వచ్చినవాడని, అతనిని నేర్పుటలో విఫలులైనవారే యొప్పుకొనిరి. రెండవ మాట యంతకంటె ముఖ్యము. హింసలన్నియు విఫలమైన పిమ్మట వారు రాజునూరడించుచు, వయస్సు పక్వమైనకొలది, పెద్దల సేవ చేసినకొలది వీనికి బుద్ధి చక్కబడునని చెప్పుదురు. వయోదశల సిద్ధాంతము నిచట చండామార్కులే పలికిరి. ఐదేండ్లవాడు తమ పాఠమును కాదనుటకు కారణము అతని వయస్సేనని వారి నిర్ణయము.

దశాసిద్ధాంతమునకు గల యపాయ మిచట బయటపడుచున్నది. అది పిల్లవానికి తగని బరువును తొలగింప నుపయోగపడును. అదే సిద్ధాంతము పిల్లవాడు చెప్పు మాటను వినకుండుటకును ఉపయోగపడును. ‘ఇది వాని వయస్సునకు తగదు’ అను వాక్యము గురువు తన పాఠమును గూర్చి చెప్పుకొన్నపుడు వివేకము. శిశువు వేసిన ప్రశ్నను గూర్చి చెప్పినపుడు అహంకారము. రూసో మొదటి దానిని నేర్పినాడు. రెండవదానినుండి కాపాడు కవచము ‘ఎమీలు’లో లేదు, ప్రహ్లాదచరిత్రమున గలదు. కాదనగల శిశువు లేనిచోట కేంద్రమున శిశువున్నాడనుట మాట మాత్రమే.

6

చిన్ననాటి చదువు పిదపటి దశలలో దేనికి పనికివచ్చెను? కల్పితకథలు దీనికి ప్రమాణములు గాజాలవు. కాని యొక రచయిత తాను ప్రతిపాదించిన విద్యనుండి యేమి యాశించెనో అవి తెలుపును. రూసో విషయమున మనకు చక్కని యాధారమున్నది. ‘ఎమీలు’ వివాహముతో ముగియును. ఆ ముగింపున ఎమీలు తాను తండ్రి కాబోవుచున్నానని తెలిపి, తన బిడ్డను తానే పెంచుదుననియు, కాని గురువు మాత్రము తమను విడువక దారి చూపవలెననియు వేడుకొనును. పాతికయేండ్ల విద్య ముగిసిన పిదప శిష్యు డడిగిన వరము గురువు వెళ్లకుండుట! రూసో దీనిని స్నేహమునకు గుఱుతుగా వ్రాసెను. మాకిది పరాధీనతకు గుఱుతుగ దోచుచున్నది.

రూసోకును అట్టి శంక కలిగి యుండవలెను. లేనిచో అతడు ‘ఎమీలు, సోఫీ – ఏకాంతవాసులు’ అను కథను తలపెట్టి యుండడు. రెండు లేఖలతోనే నిలిచిపోయిన ఈ యసంపూర్ణరచన, అతడు 1778లో మరణించిన పిమ్మట 1780లో వెలువడినది. ఇందు గురువు వెళ్లిపోయినాడు. సోఫీ తల్లిదండ్రులును, చిన్నికూతురును మరణింతురు. దంపతులు పారిస్ నగరమునకు బోయి ఒకరికొకరు దూరమగుదురు. సోఫీ పరపురుషునివలన గర్భవతి యైనట్లు చెప్పును. ఎమీలు ఇల్లు విడిచి, ఒక వడ్రంగిశాలలో కూలికి పనిచేసి మనస్సును నిలుపుకొనును. పిదప ఓడ యెక్కి, సముద్రపుదొంగలచే జిక్కి, అల్జియర్సులో బానిసగా నమ్మబడును. అప్పుడతడు, తాను పోగొట్టుకొన్నదేమియు లేదని, ప్రకృతినియమములకు లోబడియుండుట చిన్ననాటినుండి తెలిసినవానికి సంకెలయు నట్టి నియమములలో నొకటేనని ఓదార్చుకొనును. క్రూరుడైన పనిమేస్త్రికి ఎదురు తిరిగి తోటి బానిసలతో పని మాన్పించును; తానే మేస్త్రి యగును.

ఈ కథ ‘ఎమీలు’కు రచయిత తానే వ్రాసికొనిన వ్యాఖ్యానము. ఇందలి తీర్పు మిశ్రమము. ఆపదలో నక్కఱకు వచ్చినవి ద్వితీయతృతీయభాగములలో నేర్చినవి: దృఢశరీరము, చేతిపని, అనివార్యమైనదానిని సహించుట. విఫలమైనవి చతుర్థపంచమభాగములలో నేర్చినవి: నగరజీవనము, దాంపత్యము, మానవసంబంధము. వస్తువులతో వ్యవహరించుట బాలుడు తానై నేర్చెను, అది నిలిచినది. మనుష్యులతో వ్యవహరించుట గురువు చాటున నేర్చెను; గురువు తొలగగనే అది కూలినది. ఏది శిశువు సొంత ప్రయత్నముచే నార్జించెనో అదియే అన్ని దశలకు వెంటవచ్చునని రూసో సిద్ధాంతము. ఆ సిద్ధాంతమే అతని గ్రంథమందలి యుత్తరార్ధమును ఖండించుచున్నది.

ప్రహ్లాదుని తరువాతి జీవితమును భాగవతము విడిచిపెట్టలేదు. మన పాఠ్యపుస్తకములు నరసింహావిర్భావముతో కథను ముగించుటచే పాఠకు లీ భాగమును మఱతురు. తండ్రి హతుడైన పిదప బాలుడు కోరిన వరము, తన్ను చంపజూచిన యా తండ్రి పాపమునుండి విముక్తుడు కావలెననుట. తరువాత నతడు రాజగును. రాజై, కొలదిమంది మంత్రులతో లోకతత్త్వము నెఱుగ దేశములు తిరుగుచు, కావేరీతీరమున నేలపై పడియున్న యొక మునిని గాంచి, నమస్కరించి, ప్రశ్నలడుగును. కొండచిలువవలె వచ్చినదానిని భుజించి యుండు ఆ మునితో జరిగిన సంవాదము సప్తమస్కంధముననే వర్ణాశ్రమధర్మముల నడుమ నున్నది. ఐదేండ్ల వయస్సున తోటివారికి గురువైనవాడు రాజ్యాధికారమున నుండి శిష్యుడయ్యెను. అష్టమస్కంధమున వామనుడు బలిని బంధించినపుడు ప్రహ్లాదుడు తాతగా వచ్చును. మనుమని సంపద పోయినందులకు దుఃఖింపక, ఐశ్వర్య మిచ్చుటవలెనే దానిని తీసికొనుటయు ననుగ్రహమని పలుకును.

బాల్యము, రాజ్యము, వార్ధకము అను మూడు దశలలోను ఒకే విద్య మూడు రూపములు దాల్చుట యిందు గమనింపదగినది. బాల్యమున నది నిరాకరణము, యౌవనమున జిజ్ఞాస, ముదిమిని త్యాగమున కంగీకారము. ఎమీలుకు బానిసత్వమున గలిగిన శాంతియు, ప్రహ్లాదునకు మనుమని పతనమున గలిగిన శాంతియు నొకదాని కొకటి దూరము గావు. అయితే ప్రహ్లాదుడు రాజైన పిమ్మట పాత గురువులను దారి చూపుమని వేడలేదు; కొత్త గురువును తానే వెదకికొనెను. చిన్ననాటి విద్య సఫలమైనదనుటకు మా దృష్టిలో ఇంతకంటె గట్టి గుఱుతు లేదు.

7

ఈ రెండు గ్రంథములకును ఉమ్మడియైన దోషమొకటి కలదు. దానిని చెప్పక విడుచుట విమర్శధర్మము గాదు. ఎమీలుకు వయస్సు ననుసరించి నాలుగు భాగముల విద్య నిచ్చిన రూసో, సోఫీకి పురుషునకు ప్రియము చేకూర్చు విద్య మాత్రమే చాలుననెను. ఇతరుల యభిప్రాయమును లెక్కచేయవలదని ఎమీలుకు బోధించినవాడే, ఇతరుల యభిప్రాయమునకు లోబడుమని సోఫీకి విధించెను. బాలిక తన కేంద్రమున తాను లేదు, భర్త కాబోవువాడున్నాడు. ఏకాంతవాసుల కథలో గృహము కూలుటకు సోఫీ యపరాధము కారణముగా చూపబడినది. ఆమెకు స్వతంత్రబుద్ధిని నేర్పని గురువే యా యపరాధమున భాగస్వామి యని రూసో యనలేదు. పాఠకుడే యనుకొనవలసి యున్నది.

భాగవతమున నారదుడు ప్రహ్లాదుని తల్లికి తత్త్వము నుపదేశించును. గర్భమందున్న శిశువు దానిని వినును. పుట్టిన పిదప శిశువునకది జ్ఞప్తియందున్నది, తల్లి మఱచినది. ఎందులకనగా, చాలకాలము గడచుటచేతను, స్త్రీ యగుటచేతను అని కారణము చెప్పబడినది. ఇది మూలముననే గలదు; పోతనయు దానిని విడువలేదు. ఉపదేశము నెదుట విన్న యా శిష్యురాలికి దక్కక, గర్భమున విన్న శిశువునకు దక్కినది. కాలము గడచుట యొక కారణమైన గావచ్చును. రెండవది కారణము గాదు, ఆ కాలపు నమ్మకము. శిశుకేంద్రమన్నపుడు శిశువన బాలుడు మాత్రమే యని రెండు దేశముల పెద్దలును చెప్పకయే యనుకొనిరి. నేడు చట్టము బాలబాలికలకు భేదము చూపదు. ఆడుపిల్ల యొక దశకు వచ్చిన పిమ్మట ఆమె చదువును పెండ్లితో కొలుచు గృహములు గలిగినంతకాలము ఈ దోషము గ్రంథములది మాత్రమే గాదు.

8

ఇంతవఱకు చేసిన విచారణవలన తేలినదిది. శిశుకేంద్రవిద్యయందు రెండంగములు గలవు. ఒకటి మాత్ర, రెండవది మాట. ఏ వయస్సునకు ఏ పాఠము, ఎంత, ఎప్పుడు అను వివేకము మాత్ర. శిశువు కాదనినపుడు, వేఱుగా తలచినపుడు దానిని విను సహనము మాట. ‘ఎమీలు’ మాత్ర నేర్పును, మాట నేర్పదు. ప్రహ్లాదచరిత్రమున శిశువు మాటకు గౌరవమున్నది. ఆటకు, సాధారణశిశువు మాత్రకు చోటు తక్కువ. మాత్ర యున్నను మాట లేనిచో గురువు తొలగిన దినమున విద్య తొలగును. మాట యున్నను మాత్ర లేనిచో అసాధారణుడొక్కడు నిలుచును, తక్కినవారు నలుగుదురు. నేటి విద్యావిధానము 5, 3, 3, 4 అను లెక్కతో మాత్రను సవరించుకొనుచున్నది. మాట సంగతి యే లెక్కలోను చేర్చుటకు వీలుగాదు. అది తరగతిగదిలో ఉపాధ్యాయునకు, ఇంట తండ్రికి విడిచిపెట్టబడినది.

ఆంధ్రవిద్యార్థికి ప్రహ్లాదచరిత్రము పాఠశాలలోనే పరిచయమగును. పద్యము లప్పగింపబడును, వానికి మార్కులు వేయబడును. ఆ పద్యములలోని బాలుడు అప్పగింతను గూర్చియు, పరీక్షను గూర్చియు ఏమి తలచెనో మాత్రము ప్రశ్నపత్రమున నడుగుట లేదు. ఆ కథను బోధించునపుడు ఉపాధ్యాయుడీ ప్రశ్న నొకమాఱు తరగతిముందుంచి, పిల్లలు చెప్పు సమాధానములను దిద్దక వినగలిగినచో, శిశుకేంద్రవిద్య యా గంటలో నారంభమైనదని చెప్పవచ్చును.